రేఖానుకరణము – ఋషిఋణము

శ్రీరామనవమి సమీపించగానే ఎర్రగుంట్ల వంటి ఊళ్లలోనూ కల్యాణపత్రికకు సీతారాముల చిత్రం కావలసివస్తుంది. నేడు “బాపు గీతల్లో ఒంటిమిట్ట రామయ్య” అని కంప్యూటరును కోరితే క్షణాల్లో చిత్రం సిద్ధమవుతుంది. ఇందులో ధర్మాధర్మ విచారణకు అవకాశం ఉన్నదా? ఉన్నది.

1933లో నరసాపురంలో జన్మించి 2014లో పరమపదించిన బాపుకు రామకథ కేవలం చిత్రవస్తువు కాదు. ‘సంపూర్ణ రామాయణం’ మొదలు ‘శ్రీరామరాజ్యం’ (2011) వరకు ఆయన ఆ మూర్తినే కలంతోనూ, తెరమీదనూ ఉపాసించారు. ఆ రేఖాలాఘవం ఉపాసనాఫలం. యంత్రానికి ఫలం మాత్రమే దొరుకుతుంది, తపస్సు దొరకదు.

కొరియా దేశపు కలం-సిరా చిత్రకారుడు కిం జంగ్ గీ 2022 అక్టోబరు 3న పారిస్‌లో ఆకస్మికంగా మరణించారు. కొద్ది రోజులకే ఆయన చిత్రాలతో శిక్షణ ఇచ్చిన యంత్రం ఒకటి వెలువడింది. చేసినవారు దానిని నివాళి అన్నారు. ఎందరో చిత్రకారులు మాత్రం క్షోభించారు.

అనుకరణమే దోషమనడం సంప్రదాయ విరుద్ధం. గురుముఖోచ్చారణను స్వరలోపం లేకుండా అనుసరించడమే వేదాధ్యయనం. అయితే ఆ విద్యను గురువు స్వయంగా అనుగ్రహిస్తాడు, శిష్యుడు ఋణంగా స్వీకరిస్తాడు. మంత్రజపానికి ముందు ఋషిని స్మరించి శిరస్సును స్పృశిస్తాడు. యంత్రశిక్షణలో సాధారణంగా ఆ అనుగ్రహమూ లేదు, ఆ స్మరణమూ లేదు.

రసం అనుకరణమేనని శ్రీశంకుకుడు చిత్రతురగ న్యాయంతో ప్రతిపాదించాడు. అభినవగుప్తుని గురువైన భట్టతౌతుడు దానిని ఖండించాడు: చూసినదానినే అనుకరించగలము, రాముని చిత్తవృత్తిని చూసినవారెవరు? యంత్రానికి గోచరించేది సిరాగీత మాత్రమే.

ఒంటిమిట్ట గర్భాలయంలో ఏకశిలపై సీతారామలక్ష్మణులే ఉన్నారు, ఆంజనేయుడు లేడు. వేలాది రామచిత్రాలతో అభ్యసించిన యంత్రం అలవాటుకొద్దీ పాదాల చెంత హనుమంతుని చేర్చవచ్చు. గీత బాపుదే అనిపిస్తుంది, క్షేత్రమూర్తి మాత్రం తప్పిపోతుంది. స్వామిని సేవించి వచ్చిన చిత్రకారుడు ఆ పొరపాటు చేయడు.

కనుక ఆలయపత్రికకు ముందుగా సమీపంలోని చిత్రకారుని ఆశ్రయించడం ధర్మం. యంత్రచిత్రమే అనివార్యమైతే శైలీకర్తనో, ఆయన వారసులనో అనుమతి కోరాలి; అది యంత్రకృతమనీ, ఆ శైలి ఎవరిదనీ స్పష్టంగా ముద్రించాలి. స్వామికి సమర్పించే పువ్వునైనా పరుల తోటలో అడిగే కోయాలి. గీత విషయంలోనూ ధర్మం అదే.