పాశమైలారంలో బ్రాడ్‌బ్యాండ్ అంటే ఏమిటి?

2023 జనవరి 25న కేంద్ర టెలికాం శాఖ బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనాన్ని మార్చింది. అప్పటిదాకా సెకనుకు 512 కిలోబిట్ల డౌన్‌లోడ్ వేగం అందుకోగలిగితే చాలు, ఆ కనెక్షన్ బ్రాడ్‌బ్యాండే. ఇప్పుడు కనీసం 2 మెగాబిట్లు ఉండాలి. నాలుగింతలు పెరిగినట్టే. కానీ సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరు నుంచి పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం దాకా పరుచుకున్న పారిశ్రామికవాడల్లో ఈ మార్పు ఎవరి కంటా పడి ఉండదు. చిన్న యూనిట్‌కు సైతం కేబుల్ ఆపరేటరు 50, 100 ఎంబీపీఎస్ ప్లాన్లు అంటగడుతున్న రోజులివి. కాగితం మీద వాళ్లంతా నిర్వచనాన్ని ఎప్పుడో దాటేశారు. అయినా డిస్పాచ్ సెక్షన్‌లో ‘నెట్ లేదు సార్’ అన్న మాట వినిపించని వారం ఉండదు.

ఆ మాట ఖరీదు తెలియాలంటే సరుకు ఎక్కించుకుని గేటు లోపల నిలబడ్డ లారీని చూడాలి. ఏడాది టర్నోవరు 5 కోట్లు దాటిన వ్యాపారులు ఇతర వ్యాపార సంస్థలకు అమ్మే సరుకుకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి. పోర్టల్ నుంచి నంబరు, క్యూఆర్ కోడ్ వస్తేనే బిల్లు బిల్లవుతుంది. సరుకు విలువ 50 వేలు దాటితే దానిమీద ఈ-వే బిల్లు ఒకటి. ఈ రెంటికీ కలిపి అటూ ఇటూ తిరిగే డేటా వాట్సాప్‌లో వచ్చే ఒక ఫొటో అంత కూడా ఉండదు. 2 ఎంబీపీఎస్ కాదు, అందులో పదో వంతు వేగమున్నా క్షణాల్లో పని అయిపోతుంది. అయితే మోడెం మీద, సిగ్నల్ పోయిందని చెప్పే ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా కొట్టుకుంటోందంటే 100 ఎంబీపీఎస్ ప్లానూ ఒకటే, సున్నా ఒకటే. అకౌంటెంటు ఫోన్‌లో హాట్‌స్పాట్ పెడతాడు. రేకుల షెడ్డులో సిగ్నల్ అందకపోతే ల్యాప్‌టాప్ చేతపట్టుకుని గేటు దాకా నడుస్తాడు. డ్రైవరు క్యాబిన్‌లో టైము చూసుకుంటుంటాడు, ఎందుకంటే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేది ఎప్పుడన్న దాన్నిబట్టే రేపు సరుకు దిగేది ఎప్పుడో తేలుతుంది.

లారీ సంగతి ఆ యజమాని నష్టం. ఊరందరికీ సంబంధించినది ఇంకొకటుంది. అత్యంత కాలుష్యకారకాలుగా గుర్తించిన 17 రకాల పరిశ్రమలు వదిలే వ్యర్థజలాలను, పొగను యంత్రాలతో నిరంతరం కొలిచి, ఆ అంకెలను ఆన్‌లైన్‌లో పంపాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014 ఫిబ్రవరిలో ఆదేశించింది. ఆ జాబితాలో మందుల పరిశ్రమ ఉంది. ఈ ప్రాంతంలో బల్క్ డ్రగ్ యూనిట్లు ఎన్నో చెప్పనక్కర్లేదు, నక్కవాగు కథా చెప్పనక్కర్లేదు. ఆ వాగులో కలిసిన ఫ్యాక్టరీ వ్యర్థాలతో పొలాలు పాడైన రైతుల గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అలాంటి చోట మీటరు నుంచి వెళ్లే అంకె చిన్నదే, నీటి ఆమ్లగుణం ఇంత, ప్రవాహం ఇంత అని. దానికి పెద్ద వేగం అక్కర్లేదు, రాత్రి రెండు గంటలకైనా తీగ తెగకుండా ఉండాలి. తెగితే రికార్డులో ఆ కాసేపు ఖాళీ. లాగర్‌లో దాచిపెట్టి తరవాత పంపే వీలున్నా, చూసేవాడికి అనుమానం మిగిలే ఉంటుంది: అంకెలు ఆగింది నెట్ పోయా, లేక ఇంకేదైనా జరిగా? తప్పు చేయని ఫ్యాక్టరీకి అది అపవాదు, చేసినదానికి సాకు.

ఇంతకీ నిర్వచనం ఏమంటోంది? 2004 అక్టోబరులో వచ్చిన బ్రాడ్‌బ్యాండ్ విధానం మొదటిసారి గీత గీసింది. ఎల్లవేళలా ఆన్‌లో ఉండే డేటా కనెక్షన్ కావాలి, కనీస డౌన్‌లోడ్ వేగం 256 కేబీపీఎస్ ఉండాలి అంది. ఎల్లవేళలా అని ఎందుకన్నారో ఆనాటివాళ్లకు తెలుసు. 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్‌ను జనానికి అందించినప్పటి నుంచీ టెలిఫోన్ నంబరు తిప్పి, కీచుమనే మోడెం శబ్దం విని, లైను దొరికితే సరే, దొరక్కపోతే మళ్లీ తిప్పడమే. నెట్ వాడుతున్నంతసేపూ ఇంటి ఫోను ఎంగేజే. ఆ బాధ తప్పించడమే అప్పటి ఉద్దేశం, మధ్యలో పోదని హామీ ఇవ్వడం కాదు. అయినా నిర్వచనంలో కాలం ఊసెత్తిన మాట అదొక్కటే. 2013 జులైలో 512 కేబీపీఎస్‌కు పెంచినప్పుడు ఆ షరతు కనిపించకుండా పోయింది. 2023లోనూ తిరిగి రాలేదు. వేగం అంకె ఎనిమిది రెట్లయింది, నిలకడ నిర్వచనంలోంచే తప్పుకుంది.

పెరిగిన అంకె కూడా ఆలస్యంగానే పెరిగింది. 2015 నాటికల్లా 2 ఎంబీపీఎస్ అందిస్తామని 2012 జాతీయ టెలికాం విధానం మాటిచ్చింది. నిర్వచనం అక్కడికి చేరేసరికి మరో ఎనిమిదేళ్లు. ఈలోగా 2018 విధానం ఏకంగా ప్రతి పౌరుడికీ 50 ఎంబీపీఎస్ అంది, అదీ 2022కల్లా. లక్ష్యం 50, అర్హత 2. ఈ రెండింటినీ ఒకే శాఖ రాసిందంటే చదివేవాడికి నవ్వు రావాలి.

అంకెను షిఫ్టు లెక్కలో చూస్తే సులువు. ఒక గిగాబైట్ ఫైలు 256 కేబీపీఎస్‌లో దిగాలంటే దాదాపు 8 గంటల 40 నిమిషాలు, అంటే ఫ్యాక్టరీలో ఒక షిఫ్టు దాటిపోతుంది. 2 ఎంబీపీఎస్‌లో గంటా ఏడు నిమిషాలు. ప్లాను కాగితం మీద 100 అని చూసి సెకనుకు వంద మెగాబైట్లు వస్తాయనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అవి బిట్లు, ఎనిమిదితో భాగిస్తేగానీ బైట్లు కావు.

ఇక నిర్వచనంలోని పదాలను విప్పి చూస్తే లాయరు పనితనం కనిపిస్తుంది. 2 ఎంబీపీఎస్ ‘ఇవ్వాలి’ అని లేదు, ఆ వేగం అందుకోగల సామర్థ్యం ఉండాలని ఉంది. ఆ వేగమైనా ఎక్కడి నుంచి? సర్వీస్ ప్రొవైడర్ పాయింట్ ఆఫ్ ప్రెజెన్స్ నుంచి కస్టమరు దాకా. ఆ పాయింటు అవతల, అసలు ఇంటర్నెట్‌తో కలిసే దారి ఎంత ఇరుకైనా నిర్వచనానికి పట్టదు. ఒకే దారిని ఎంతమంది పంచుకోవచ్చో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2009లో మార్గదర్శకాలిచ్చింది: ఇళ్లకైతే ఒకరి వాటాను గరిష్ఠంగా 50 మంది, వ్యాపారాలకైతే 30 మంది. అందరూ ఒకేసారి వాడరన్న లెక్క అది, సబబైన లెక్కే. కానీ పారిశ్రామికవాడలో అందరూ ఒకేసారి వాడతారు. నెలాఖరున, సాయంత్రం నాలుగు నుంచి ఏడు మధ్య, ప్రతి గేటు దగ్గరా బిల్లులు తీసే వేళ.

అన్నిటికంటే నాకు వింతగా తోచేది అప్‌లోడ్ గురించి ఒక్క ముక్కా లేకపోవడం. నిర్వచనం రాసినవాళ్ల దృష్టిలో పౌరుడంటే దించుకునేవాడే, పంపేవాడు కాడు. సినిమా చూసే ఇంటికి అది సరిపోతుంది. ఫ్యాక్టరీ పంపుతుంది: సీసీ కెమెరా దృశ్యాలు ముంబయిలోని హెడ్డాఫీసుకు, డ్రాయింగులు కస్టమరుకు, రోజువారీ ఖాతాల బ్యాకప్ క్లౌడ్‌కు. ఒక్క ఫుల్ హెచ్‌డీ కెమెరాను లైవ్‌లో చూపించాలన్నా మామూలుగా రెండు, మూడు ఎంబీపీఎస్ అప్‌లోడ్ కావాలి. సుల్తాన్‌పూర్ మెడికల్ డివైసెస్ పార్కులో పరికరం డిజైను ఫైళ్లు పంపే యూనిట్‌కు డౌన్‌లోడ్ వేగం చూపించి బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చామంటే ఏం లాభం?

అమెరికాలో సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఈ విషయంలో ముందే మేలుకుంది. 2010లో డౌన్‌లోడ్ 4, అప్‌లోడ్ 1 ఎంబీపీఎస్ అంది. 2015లో వాటిని 25, 3 చేసింది, 2024 మార్చిలో 100, 20 చేసింది. గీత పైకి జరిగినప్పుడల్లా నిన్నటిదాకా ‘బ్రాడ్‌బ్యాండ్ ఉంది’ అని లెక్కలోకెక్కిన ఇళ్లు ‘లేదు’ పట్టీలోకి మారాయి. అక్కడి కంపెనీలు గగ్గోలు పెట్టాయి కూడా. ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్న లెక్కమీదే సర్కారు డబ్బు ఎటు పోవాలో తేలుతుంది కాబట్టి ఆ గగ్గోలు అర్థం చేసుకోదగ్గదే. మన దగ్గర గీత కిందే ఉండటం వల్ల గణాంకాలు ఎప్పుడూ కళకళలాడుతుంటాయి. 2024 చివరికి ట్రాయ్ లెక్కలో దేశంలో 94 కోట్లకు పైగా బ్రాడ్‌బ్యాండ్ చందాదారులున్నారు. వారిలో తీగ కనెక్షన్ ఉన్నవారు 4 కోట్ల పైచిలుకు మాత్రమే. మిగతావన్నీ దాదాపుగా మొబైల్ సిమ్ములే. ఇస్నాపూర్‌లో ఒకే గదిలో సర్దుకునే ఒడిశా, బిహార్ కార్మికులు రాత్రి షిఫ్టు దిగి ఇంటికి వీడియో కాల్ చేస్తారే, ఆ లెక్కలో వారంతా ఉన్నారు. అందరూ ఒకేసారి ఫోను తీసే వేళ టవరు మీద భారం పడి తెరమీద పిల్లాడి ముఖం చతురస్రాలుగా విడిపోతే, అప్పుడు కూడా వారు బ్రాడ్‌బ్యాండ్ చందాదారులే.

పెద్ద కంపెనీలకు ఈ గొడవ లేదు. లీజుడ్ లైను తీసుకుంటాయి. ఎవరితోనూ పంచుకోని బ్యాండ్‌విడ్త్, రెండు వైపులా ఒకే వేగం, ఇన్ని గంటల్లో బాగుచేయకపోతే ఇంత కోత అని ఒప్పందంలో రాయించుకుంటాయి. వేర్వేరు దారుల్లో రెండు లైన్లు వేయించుకునేవీ ఉన్నాయి. కంది దగ్గరి ఐఐటీ హైదరాబాద్‌కు నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ ఉంది. అంటే డబ్బో హోదానో ఉన్నవారు తమ నిర్వచనం తామే రాసుకుంటారు. సర్కారు రాసిన నిర్వచనం మీద ఆధారపడేది పది, ఇరవై మందితో నడిచే లేత్ షాపు, ప్యాకింగ్ యూనిట్, ప్లాస్టిక్ మౌల్డింగ్ షెడ్డు. సరిగ్గా వారికి కావలసిందే అందులో లేదు.

ఐఐటీ మాటొచ్చింది కాబట్టి ఇంకొక్క విషయం. ఆ సంస్థ, అక్కడ పుట్టిన వైసిగ్ నెట్‌వర్క్స్, సైయెంట్ కలిసి ‘కోలా’ అనే చిప్ తయారుచేశాయి. అది బ్రాడ్‌బ్యాండ్‌కు పూర్తిగా ఎదురు దిక్కు, నారోబ్యాండ్ చిప్. మీటర్లు, సెన్సర్ల వంటివి తక్కువ కరెంటుతో, కొద్దిపాటి డేటాను నమ్మకంగా పంపడానికి పనికొస్తుంది. ఆ సాంకేతికత వేగం 2004 నాటి 256 కేబీపీఎస్ గీతకు అటూ ఇటూగానో, కిందో ఉంటుంది. వేగం తక్కువైనంత మాత్రాన పనికిరానిది కాదని సంగారెడ్డి జిల్లాలోనే రుజువుందన్నమాట.

తీగ ఎందుకు తెగుతుందో వెతకడానికి దూరం వెళ్లక్కర్లేదు. 2024 మార్చి 5న పటాన్‌చెరులో ప్రధాని శంకుస్థాపన చేసిన పనుల్లో 65వ నంబరు జాతీయ రహదారిని మదీనగూడ నుంచి సంగారెడ్డి చౌరస్తా వైపు ఆరు వరసలు చేయడం ఒకటి. పాశమైలారం పరిశ్రమలకు మేలు జరుగుతుందని ఆనాటి ప్రకటనలోనే ఉంది. జరుగుతుంది కూడా. కానీ రోడ్డు వెడల్పంటే జేసీబీ, జేసీబీ అంటే పక్కన పాతిన ఫైబరుకు గండం. మంచినీటి పైపు, డ్రైనేజీ, కరెంటు కేబుల్ ఎవరికి వారు తవ్వుకుంటారు. ఒకరు తవ్వేముందు మిగతావారికి తెలియజేసేలా కేంద్రం 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ తెచ్చింది. దేశంలో ఏటా దాదాపు 10 లక్షల ఫైబర్ కోతలు, 3 వేల కోట్ల రూపాయల నష్టం అని అప్పుడు కేంద్రమే చెప్పింది. తెగిన చోట గొయ్యి తవ్వి, వెంట్రుకంత సన్నని గాజు పోగులను స్ప్లైసింగ్ మెషీన్‌లో ఒకటొకటిగా అతికించాలి. అతికించే పని నిమిషాలదే. ఎక్కడ తెగిందో పట్టుకోవడం, మనిషి రావడం, మళ్లీ తవ్వడానికి అనుమతి దొరకడం, వీటికే పూట గడిచిపోతుంది.

తెగకుండా ఉండటానికి రెండు రాష్ట్రాలు రెండు దారులు పట్టాయి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కేబుల్‌ను ఎక్కువగా కరెంటు స్తంభాల మీద లాగింది. నెలకు 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్ అంటూ 2016 డిసెంబరులో అప్పటి తూర్పు గోదావరి జిల్లా మోరి గ్రామంలో మొదలుపెట్టింది. ఖర్చు తక్కువ, పని త్వరగా అయ్యింది, గాలివాన వస్తే భయం. తెలంగాణ టీ-ఫైబర్ మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కందకాలను వాడుకుంది. 2024 డిసెంబరు 8న ప్రయోగాత్మకంగా మొదలైన నాలుగు గ్రామాల్లో జోగిపేట దగ్గరి సంగుపేట ఒకటి. నెలకు 300 రూపాయలకు 20 ఎంబీపీఎస్ అని ప్రకటించారు. నిర్వచనానికి పదింతలు. మంచిదే. లైను పోతే ఎన్ని గంటల్లో తిరిగి వస్తుందన్నది మాత్రం ఏ ప్రకటనలోనూ పెద్దక్షరాల్లో కనిపించదు.

సేవల నాణ్యతపై 2024లో వచ్చిన ట్రాయ్ నిబంధనలు డేటా ఆలస్యాన్ని, మధ్యలో పోయే ప్యాకెట్లను, మరమ్మతుకు పట్టే సమయాన్ని లెక్కలోకి తీసుకుంటున్నాయి. కొలవడానికి పద్ధతి ఉంది. కొలిచినదాన్ని నిర్వచనంలోకి తేవడమే మిగిలింది: అప్‌లోడ్ కనీసం ఇంత, నెలలో ఇన్ని గంటలకు మించి పోకూడదు, పోతే చందాలో ఇంత తగ్గింపు. ఢిల్లీలో అది అయ్యేదాకా ఇక్కడ ఆగనక్కర్లేని పని ఒకటుంది. పారిశ్రామికవాడల్లో రోడ్లు, కాలువలు చూసేదీ, ఆస్తిపన్ను వసూలు చేసేదీ రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ టీజీఐఐసీ కింద ఉండే పారిశ్రామిక ప్రాంత స్థానిక సంస్థలు, అంటే ఐలాలే. ప్రతి కంపెనీ విడివిడిగా కేబుల్ పాతుకునే బదులు ఐలాయే అందరికీ పనికొచ్చే ఒక డక్ట్ వేయించి అద్దెకివ్వవచ్చు, తన పరిధిలో ఎవరు ఎక్కడ తవ్వాలన్నా ముందు తన దగ్గర నమోదు చేయించుకోమనవచ్చు. ఫేజులవారీగా రోడ్లు మళ్లీ వేసేటప్పుడే ఇది చేస్తే అదనపు ఖర్చు పెద్దగా ఉండదు, తారు పోశాక అయితే మళ్లీ పగలగొట్టాలి.