నాయనమ్మ కన్ను

మన పండుగలకి పిల్లల బొమ్మల పోటీ పెడుతుంటాం కదా! వినాయకుడు గీసినా, బతుకమ్మ ఆడే అమ్మాయిని గీసినా, కన్ను మాత్రం అందరిదీ ఒకటే: ఓ బాదంగింజ, మధ్యలో నల్లచుక్క, పైన చీపురుపుల్లల్లా రెప్పవెంట్రుకలు. బహుమతులూ వాటికే ఇస్తాం.

పిల్లల్ని అనడం దేనికి? నేను డాక్టర్ని. గుంటూరులో చదివే రోజుల్లో రికార్డు పుస్తకంలో కన్ను ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. అదీ కాపీయే, సీనియర్ల రికార్డు చూసి!

కిందటి చలికాలం మా అమ్మ తెనాలి నుంచి రిచ్‌మండ్ హిల్ వచ్చింది. బయట మంచు, అడుగు పెట్టే వీల్లేదు. మా అమ్మాయి ఆవిణ్ణి కిటికీ దగ్గర కూర్చోబెట్టి పెన్సిలుతో కన్ను గీయడం మొదలుపెట్టింది. "లెక్కల హోంవర్క్ అయిందా?" అన్నాను, తండ్రి ధర్మంగా. అది నా మాట పట్టించుకోకుండా, "నాన్నా, నాయనమ్మ నల్లగుడ్డు చుట్టూ తెల్లటి వలయం ఉందేం?" అంది.

ఆర్కస్ సెనిలిస్. కార్నియా అంచున కొవ్వు చేరడం వల్ల వస్తుంది. పెద్దవాళ్ళలో మామూలే, చూపుకేం నష్టం లేదు. నలభై దాటనివాళ్ళలో కనిపిస్తే మాత్రం కొలెస్టరాల్ పరీక్ష చేయిస్తాం. రోగుల కళ్ళలో రోజూ చూస్తూనే ఉంటాను. మా అమ్మ కంట్లో ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు!

ఆ రోజు నుంచీ నేనూ పక్కన కూర్చున్నాను. నిజం కన్నుకి చుట్టుగీతే లేదు. పై రెప్ప నల్లగుడ్డుని ఒకటి రెండు మిల్లీమీటర్లు కప్పుతుంది, అందుకే పూర్తి గుండ్రంగా గీస్తే ఉలిక్కిపడ్డ మొహం వస్తుంది. తెల్లగుడ్డు తెల్లగా ఉండదు. అది బంతి కాబట్టి అంచుల్లో నీడ, రెప్ప కింద మరీ నీడ. కాగితం తెలుపు ఉంచాల్సింది ఒక్కచోటే, కిటికీ వెలుగు మెరిసే ఆ చుక్క దగ్గర. ఆ మెరుపుకి ఎదురుగా నల్లగుడ్డు కాస్త లేతగా ఉంటుంది, కార్నియా వెలుగుని వంచి అటు పంపుతుంది కనక. మా అమ్మాయికి ఈ ఆప్టిక్స్ తెలియదు. చూసింది, గీసింది.

"బాపుగారు రెండు గీతల్లో కన్ను పెట్టేవారు కదండీ, ఈ తంటా ఎందుకు?" అన్నాడో మిత్రుడు. నిజమే. ఏ రెండు గీతలు ఉంచాలో తెలియాలంటే మిగతావన్నీ ముందు చూసి ఉండాలిగా! మన పిల్లలు ఆయన గీతల్ని కాపీ చేస్తారు, ఆయన చూపుని కాదు.

మన ఊళ్ళోనే 1935 నాటి డేవిడ్ డన్‌లాప్ అబ్జర్వేటరీ ఉంది, 74 అంగుళాల అద్దంతో. నక్షత్రాలు చూపిస్తామని పిల్లల్ని తీసుకెళ్తాం, మంచిదే. ఆరునెలల వీసా మీద వచ్చి సోఫాలో కూర్చున్న పెద్దావిడ కళ్ళు మూరెడు దూరంలో ఉన్నాయి.

అందుకని నాదో మనవి. వచ్చే ఉగాదికి రంగుల పోటీ పక్కనే ఓ బల్ల వేద్దాం. ఒక్కో పెద్దాయనో పెద్దావిడో కూర్చుంటారు, ఎదురుగా ఒక పిల్లో పిల్లాడో. గంటసేపు ఒక్క కన్నే గీయాలి. బహుమతి వద్దు. బొమ్మ ఆ పెద్దవాళ్ళే తీసుకెళ్తారు. మా అమ్మ తనది చీరల మధ్య పెట్టుకుని తెనాలి పట్టుకెళ్ళింది. "ఇంత ముసలిదాన్నయ్యానుటే!" అని మనవరాల్ని కోప్పడుతూనే!

బల్లా కాగితాలూ నేను తెస్తాను. హెచ్‌బీ ఒకటి, 4బీ ఒకటి, పెన్సిళ్ళు మాత్రం పిల్లలే చెక్కుకు రావాలి.