చిటికెడు లోహం.. తీగకు బలం
చెరువు గట్టున వెలుగుకు మిశ్రమలోహమే ఆధారం

కైకలూరు: తెల్లవారుజామున చెరువు నీటిలో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. ఆ వేళ విద్యుత్తు నిలిచి ఏరియేటర్లు ఆగితే రొయ్యలు, చేపలు ఊపిరాడక తేలిపోతాయి. నెలల తరబడి పెట్టిన పెట్టుబడి గంటల్లో గల్లంతవుతుంది. అందుకే కైకలూరు, కొల్లేరు పరిసరాల ఆక్వా రైతుకు తీగ తెగడం చిన్న విషయం కాదు. ఆ తీగ బలం అల్యూమినియంలో చేరే స్వల్ప మోతాదు మూలకాలపైన, దానిని వేడిచేసే తీరుపైన ఆధారపడి ఉంటుంది.

గట్టిపడేది ఇలా..
శుద్ధ అల్యూమినియం మెత్తని లోహం. రాగి, మెగ్నీషియం కలిపిన అల్యూమినియాన్ని వేడిచేసి ఒక్కసారిగా చల్లార్చి విడిచిపెడితే, రోజులు గడిచేకొద్దీ అదే గట్టిపడుతుందని 1906లో జర్మనీ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ విల్మ్ గుర్తించారు. దీనినే ఏజ్ హార్డెనింగ్ అంటారు. లోహంలో కరిగి ఉన్న పరమాణువులు గుంపులుగా చేరి సూక్ష్మ రేణువులై, లోహపు పొరలు జారకుండా అడ్డుకోవడమే ఇందుకు కారణం.

మధ్యలో ఉక్కు లేని ఏఏఏసీ రకం విద్యుత్తు తీగల తయారీకి ఇదే మూలం. వీటిలో మెగ్నీషియం, సిలికాన్ ఒక్కొక్కటి ఒక శాతం లోపే ఉంటాయి. లాగిన తీగను సుమారు 150 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ వేడిలో కొన్ని గంటలు ఉంచుతారు. అవసరానికి మించి ఉంచితే రేణువులు పెద్దవై బలం తిరిగి తగ్గుతుంది.

స్వల్పమే.. ప్రభావం అధికం
ఇలాంటి మిశ్రమలోహంలో అతి స్వల్పంగా తగరం కలిపితే, అది పరమాణువుల కదలికకు తోడ్పడే ఖాళీలను పట్టి ఉంచుతుంది. దాంతో మామూలు వాతావరణంలో గట్టిపడటం ఆలస్యమవుతుంది. వేడిచేసినప్పుడు ఆ ఖాళీలు విడుదలై పని మళ్లీ వేగం అందుకుంటుంది. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు 2014లో దీనిని వివరించారు. కొద్దిపాటి రాగి రేణువులను మరింత సూక్ష్మంగా మార్చి బలం పెంచుతుంది. అయితే మోతాదు మించితే తుప్పును తట్టుకునే శక్తి సన్నగిల్లుతుంది. నిత్యం తేమ నిండిన చెరువుల సీమలో ఇది విస్మరించరాని అంశం.

టైటానియం, వనేడియం వంటివి కరిగి ఉంటే బలం మాట ఎలా ఉన్నా విద్యుత్తు ప్రవాహానికి ఆటంకమవుతాయి. కరిగిన లోహంలో కాస్త బోరాన్ వేసి వాటిని వేరుచేయడం తీగల పరిశ్రమలో పరిపాటి.

పరీక్షలే రక్ష
తుక్కును కరిగించినప్పుడు ఇనుము, రాగి వంటివి అడగకుండానే వచ్చి చేరతాయి. పైకి రెండు తీగలూ ఒకేలా మెరుస్తాయి. కంటితో చూసి, తూకం వేసి కొంటే తేడా తెలియదు. రసాయన మిశ్రమం, తెగే బలం, విద్యుత్తు నిరోధం.. ఈ మూడు పరీక్షలూ జరిగిన తరువాతే తీగ స్తంభం ఎక్కాలి. ఆ జాగ్రత్త కొరవడితే నష్టం ముందుగా తగిలేది చెరువు గట్టున కాపలా ఉన్న రైతుకే.