కొని తెచ్చుకొను వసంతము

ఉగాది వచ్చినదనగా బరంపురమందలి తెలుగువారి సభలకు కళ వచ్చును. వేదికపై పంచాంగశ్రవణము జరుగును. పెద్దలు లేచి ఈ ప్రాంతమున తెలుగునకు వాటిల్లుచున్న క్షీణతను గూర్చి విచారింతురు. పిల్లలు పద్యములను ఒడియా లిపిలోనో ఆంగ్ల లిపిలోనో వ్రాసికొని వచ్చి చదువుదురు. చివరకు శాలువలు, పుష్పగుచ్ఛములు. ఈ సభలను మేము నిరసింపము. మేమును ఆ కుర్చీలలో కూర్చుండినవారమే. ఆ శాలువలు కప్పుకొన్నవారమే. కాని అట్టి గుచ్ఛమొకటి చేతబట్టుకొని ఇల్లు చేరిన ఒక సాయంకాలము మాకు కలిగిన సందేహమును ఇచ్చట మనవి చేయక తప్పదు. ఆ గుచ్ఛమున వాసన లేదు. అందు సగము పూలు ప్లాస్టికువి. తక్కిన సగము ఎక్కడనో పెరిగి, చల్లని పెట్టెలలో ప్రయాణము చేసి వచ్చినవి. వానిలో ఒక్కదానికైనను మా మనుమరాలికి తెలుగు పేరు చెప్పలేకపోతిమి. వసంతోత్సవమునుండి వచ్చుచు వసంతమునెరుగని పూలను మోసికొని వచ్చితిమి.

నాటినుండి మాకు దృఢపడిన అభిప్రాయమిది: ఇంట ఒక్క పూలమొక్కనైనను పెంచని వాడు సంస్కృతిని గూర్చి చేయు ప్రసంగమునకు వేరు లేదు. ఇది కటువైన మాట యని కొందరనవచ్చును. పూలతోట వేడుక, భాష బాధ్యత. ఈ రెండింటికిని ముడి యేమని అడుగవచ్చును. ఆ ముడిని చూపుటకే ఈ వ్యాసము.

ముందుగా మా అపరాధమును ఒప్పుకొందుము. మా పెరటిలో ఒక సంపెంగ చెట్టు ఉండెడిది. మా తండ్రిగారు నాటినది. చైత్రమాసపు ఉదయమున తలుపు తీయగానే ఆ వాసన నట్టింటికి వచ్చెడిది. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురము దగ్గర తీరమును దాటినపుడు ఈ పట్టణమున కూలిన అసంఖ్యాక వృక్షములలో అదియు నొకటి. అది తుపాను చేసిన పని. కాని చెట్టును తొలగించిన పిదప ఆ చోట మరియొక మొక్కను నాటక, బురద లేకుండునని, వాహనము నిలుపుకొనవచ్చునని, పెరడంతయు సిమెంటు చేయించినది మేము. తుపాను ఒక్క చెట్టును తీసికొనిపోయినది; మేము నేలనే మూసివైచితిమి. ప్రకృతిపై నెపము వేసి మనము చేయు పనులలో ఇది యొకటి. ఈ ఊరి వీధులలో నడచి చూచినచో మావంటి వారు ఎందరో కనబడుదురు.

బరంపురపు పాత వీధులలోని ఇండ్లు మనకు తెలియనివి కావు. వీధివైపు ఇరుకుగా నుండి లోనికి పొడవుగా సాగి, చివర నూతి దగ్గర ముగియును. ఆ చివరనున్న చోటు మనకు పెరడు; పొరుగువారికి బాడి. అచ్చటనే తులసికోట, కరివేపచెట్టు, రెండు మందారములు, గోడకు అల్లుకొన్న జాజి. ఇది ధనవంతుల ఉద్యానము కాదు. మగ్గము నేసినవారి ఇండ్లలోను, బడిపంతుళ్ల ఇండ్లలోను ఉండినదే. కావున పూలతోట కలవారి విలాసమను వాదము చరిత్రనెరుగని వాదము. విలాసమైనది నేటి పద్ధతి: పెరటిని మూసివేసి, దినమునకొక మూర చొప్పున పూలు కొనుట.

ఆ పెరటిలో వసంతమెట్లుండునో ఎరుగనివారికొరకు కొంచెము చెప్పుదుము. తెల్లవారుజామున నందివర్ధనము తెల్లగా మెరయుచుండును. ఎండ తగులుచుండగా మందారము విచ్చును. ఉగాది నాటికి మామిడి పూత పిందెలుగా మారుచుండును, వేప పూత మొదలగును. వేపపూవు రాలిన నేలపై నడచినచో తీయని, సన్నని వాసన ఒకటి కలదు. చేదు పూవునకు తీయని వాసన యేమని పిల్లలు అడుగుదురు. ఉగాది పచ్చడి యొక్క అర్థము ఆ ప్రశ్నలోనే కలదు. సాయంకాలమగుసరికి చంద్రకాంతలు విచ్చును. రాధామనోహరము తెల్లగా విచ్చి, మరునాటికి గులాబిరంగై, పిదప ఎరుపెక్కును. దీపములు పెట్టు వేళకు మల్లెమొగ్గ విడును. రాత్రి వికసించు పూలలో అనేకము తెల్లనివై, గాఢమైన వాసన కలవై యుండుట కాకతాళీయము కాదు. చీకటిలో తిరుగు చిమ్మటలకు తెలుపు తేలికగా కనబడును, వాసన తెలియును. పెరటిలో అరగంట కూర్చుండిన పిల్లవానికి ఈ పాఠము పుస్తకము లేకయే వచ్చును.

మల్లె ఊరక పూయదని పెద్దలు చెప్పెడివారు. శీతకాలమున నీరు తగ్గించి, కొమ్మలను కత్తిరించి, ఆకు దూసి, దానికి కొంత కష్టము కలిగింపవలెను. మాఘమున ఎరువు వేసి నీరు పెట్టినచో క్రొత్త చిగుళ్లు వచ్చి, ఆ చిగుళ్ల చివరనే మొగ్గలు కట్టును. వసంతమున పూవును కోరువాడు హేమంతమునందే పని మొదలుపెట్టవలెను. కొని తెచ్చుకొన్న పూవు ఈ సంగతి చెప్పదు. ఒక్క ఉగాదినాడు మాత్రమే భాషను తలచుకొను మన సభలకు ఈ మల్లెపొద కంటె మంచి గురువు లేదు.

ఇక ఆక్షేపణలు. మొదటిది, నీరు లేదనుట. గంజాం వేసవి కఠినమైనదే. కాని మన పొరుగువారైన ఒడియావారు పణా సంక్రాంతినాడు ఏమి చేయుదురో చూడుడు. అడుగున చిన్న రంధ్రము చేసిన కుండను తులసిపై వ్రేలాడదీసి నీరు పోయుదురు. వైశాఖమంతయు ఆ మొక్కపై బొట్టు బొట్టుగా నీరు పడుచుండును. దీనినే నేడు బిందుసేద్యమని గొట్టములతో చేయుచున్నారు. బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు నాలుగు కుండీలకు చాలును. నీరు లేదనువాడు వాహనమును కడుగుటకు ఎన్ని బిందెలు పోయుచున్నాడో లెక్కించుకొనవలెను. మరియు సిమెంటు చేసిన పెరటిలో వాన నీరు నేలలోనికి ఇంకదు, వీధి కాలువలోనికి పోవును. నూతిని ఎండబెట్టి, నీరు లేదు గనుక మొక్క లేదనుట న్యాయము కాదు.

రెండవది, దోమలు పాములు వచ్చుననుట. దోమ నిలువ నీటిలో పుట్టును. అది కుండీ క్రింది పళ్లెరములో నున్నను పుట్టును, మేడపైనున్న పగిలిన తొట్టిలో నున్నను పుట్టును. పళ్లెరములోని నీరు పారబోయుట చాలును, మొక్కను పెరుకనక్కరలేదు. పాము చెత్తకును ఎలుకలకును వచ్చును గాని ఊడ్చి శుభ్రము చేసిన మల్లెపాదునకు రాదు.

మూడవది, చోటు లేదనుట. అంతస్తుల ఇండ్లలో కాపురముండువారికి ఇది నిజముగా కష్టమే. వారిని మేము తప్పుపట్టము. కాని ఎండ తగులు వరండాలో రెండు కుండీలకు చోటుండును. ఒకదానిలో మల్లె, మరియొకదానిలో మరువమో దవనమో పెంచవచ్చును. మా వ్యాజ్యము చోటులేనివారితో కాదు, ఉన్న చోటును మూసిన మావంటివారితో.

నాలుగవది, తీరిక లేదనుట. దీనికి సమాధానము వ్రాయుటకు మాకును తీరిక లేదు.

మరియొక జాతివారు కలరు. వారికి పూజ కలదు, మొక్క లేదు. తెల్లవారకముందే చేత కొక్కెపు కర్ర, భుజమున సంచి ధరించి వీధిలో బయలుదేరి, పొరుగువారి గోడపైనుండి వంగిన కొమ్మలన్నింటిని దూసికొనిపోవుదురు. మొగ్గలనైనను విడువరు. ఇంటివారు లేచి చూచుసరికి మందారము బోడిగా నుండును. దేవునికొరకు గదా యని సమాధానము. దేవునికొరకైనచో దేవుని పేర ఒక మొక్కను నాటవచ్చును గదా! పొరుగువాని పెరటిపూవుతో సంపాదించిన పుణ్యము ఎవరి ఖాతాలో పడునో పండితులు నిర్ణయింతురుగాక.

ఇక ముఖ్య విషయమునకు వత్తుము. ఈ జిల్లా పూవునకు పేద కాదు. తీరపు ఇసుకనేలలయందును, పొలముల గట్లపైనను ఇచ్చట మొగలిపొదలు పెరుగును. వానకాలమున విశేషముగా విచ్చు మగపొత్తులను తెల్లవారగనే కోసి, రాగి పాత్రలలో కాచి, అత్తరును రూహును తీయుదురు. గంజాం కేవడాకు భౌగోళిక సూచిక గుర్తింపు కూడ కలదు. దేశపు నలుమూలల మిఠాయిలకు, పన్నీటిబుడ్లకు వాసన పంపు జిల్లా మనది. అట్టి జిల్లా ముఖ్యపట్టణములలో పెద్దదైన ఈ ఊరిలో ఇంటింట వాసన లేని క్రోటనుల కుండీలు వరుస తీరియుండుట చూచి మేము సిగ్గుపడుచున్నాము.

క్రోటనులు పరదేశపువి గనుక వద్దనుట మా అభిమతము కాదు. బంతి, చంద్రకాంత, దేవగన్నేరు—ఇవన్నియు అమెరికా ఖండములనుండి వచ్చినవే. నేడు బంతి లేక గడపకు పండుగ లేదు. వచ్చిన మొక్కకు మనము పేరు పెట్టుకొంటిమి, పూజలోనికి తీసికొంటిమి, అది మనదైనది. భాష బ్రదుకునదియు ఇట్లే. పరాయి మాట రాకుండ తలుపు మూసిన భాష బ్రదుకదు. వచ్చిన దానికి పేరు పెట్టుట మరచిన భాషయు బ్రదుకదు. నేడు క్రొత్త మొక్కను తెచ్చుకొనువారు దానికి తెలుగు పేరు పెట్టుట లేదు. ఇదివరకున్న పేర్లనే మరచిపోవుచున్నారు. మా కంటకమంతయు అచ్చటనే.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడి గంజాం జిల్లా విభజింపబడినపుడు మనము కదలలేదు; సరిహద్దు కదలినది. నాటి గంజాం జిల్లాలోనిదైన పర్లాకిమిడిలో దీర్ఘకాలము ఉపాధ్యాయుడుగా నుండి గిడుగు రామమూర్తిపంతులుగారు ప్రజల నోట నున్న మాటకు గౌరవము కావలెనని వాదించిరి. ఈ సంచికలో గ్రాంథికము వ్రాయు మేము కూడ ఆ సత్యమును కాదనజాలము. నోట లేని మాట నిఘంటువులో నున్నను లేనట్టిదే. మాట నోట నుండుటకు ఆ వస్తువు కంటియెదుట నుండవలెను. నందివర్ధనము, పొగడ, మనోరంజితము, సన్నజాజి, కనకాంబరము, నిత్యమల్లి—ఈ పేర్లను వేదికపై బోధించి నిలుపలేము. అమ్మమ్మ మాల కట్టుచు, ‘ఆ మరువము రెమ్మ ఇటు అందుకో’ అన్నపుడే అవి నిలుచును. మూర, దండ, చెండు, పాదు, అంటు, మొగ్గ, రేకు, పుప్పొడి—ఈ మాటలన్నియు పెరటిలో పుట్టి పెరటిలో బ్రదికినవి. పెరడు మూసినచో అవి ఎచ్చటికి పోవలెను?

ఇంకొక మాట. ఈ పెరటిలో మనము ఒంటరివారము కాము. మన నందివర్ధనము గోడకావల టగర; మన పారిజాతము గంగశిఉళి; మన పొగడ బఉళ; మన మొగలి కిఆ. మందారము వారికిని మందారయే, మల్లె మల్లియే. మన ఆలయములలో చైత్రమున స్వామికి అర్పించు దవనమును పూరీ జగన్నాథునికిని దయణా యని అర్పింతురు. ఒకే తీగకు గోడకు ఈవల ఒక పేరు, ఆవల ఒక పేరు. రెండు పేర్లును తెలిసిన పిల్లవాడు గంజాం బిడ్డ. ఒక్కటియు తెలియక, రెండింటిని ‘ఫ్లవర్’ అనువాడు ఎవరి బిడ్డయో మాకు తెలియదు. తెలుగు తగ్గుటకు ఒడియాను నిందించువారు ఈ సంగతిని ఆలోచింపవలెను. మన పూల పేర్లను పొరుగువారు తీసికొనిపోలేదు. మన సిమెంటు క్రిందనే అవి పూడినవి.

కావున సభలవారికి మా విన్నపములు మూడు. రాబోవు ఉగాదినుండి అతిథులకు గుచ్ఛములు మాని, ఒక్కొక్క మల్లె అంటునిండు. దానికి రెండు లిపులలోను పేరు వ్రాసిన చీటి కట్టుడు. ఉగాది పచ్చడికి వేపపూవును అంగడి పొట్లములలో కొనక, మీలో నెవరి పెరటిలోనైన వేపచెట్టున్నచో పిల్లలను అచ్చటికి తీసికొనిపోయి రాల్పించుడు. పద్యపఠనపు పోటీతోపాటు, పది పూలను చూపి పేర్లు చెప్పించు పోటీని కూడ పెట్టుడు. మొదటి ఏడు పెద్దలకే పెట్టుట మంచిది. ఎవరి భాషాభిమానము ఎంతటిదో తేలును.

మా సంగతి కూడ చెప్పి ముగింతుము. పెరటిలో గోడవెంట మూడడుగుల వెడల్పున సిమెంటును పగులగొట్టించితిమి. క్రింది మట్టి ఊపిరాడనిదానివలె గట్టిపడి యుండెను. దానిని త్రవ్వి, పేడయెరువు కలిపి, ఒక మల్లెను, ఒక సంపెంగను నాటితిమి. సంపెంగ పూయుటకు ఇంకను ఏండ్లు పట్టును. దానిని మేము చూతుమో లేదో. మల్లె మాత్రము ఈ చైత్రమున మొదటిసారి పూచినది. లెక్కకు పదునొకండు పూలు. మా మనుమరాలు వానిని దారమున గ్రుచ్చుచు, ‘తాతయ్యా, దీనిని మూర అనవచ్చునా?’ అని అడిగినది. మూర కాలేదు, జానెడే అయినది. కాని ఆ మాట దాని నోటినుండి వచ్చినది. దానిని మేము అంగడిలో కొని తేలేదు.