చూసిన పాఠం ఎవరికి అప్పజెప్పాలి?

మన పిల్లలు మక్తబ్‌లో ఖుర్ఆన్ ఎలా నేర్చుకుంటారో ప్రతి తల్లికీ తెలుసు. ఉస్తాద్ ఒక సబక్ ఇస్తారు. పిల్లవాడు విని, పలికి, ఇంటికి వెళ్లి మళ్లీ చదువుకుని, మరునాడు ఆయన ఎదుట కూర్చుని అప్పజెబుతాడు. గొంతులోంచి రావలసిన అక్షరం నాలుక చివరి నుంచి వస్తే ఆయన అక్కడే ఆపి సరిదిద్దుతారు. పాత సబక్ సరిగా రానిదే కొత్తది ఇవ్వరు. అదే పిల్లవాడు సాయంత్రం ఫోను పట్టుకుని, నెల రోజుల్లో ఇంగ్లీషు నేర్పిస్తామనే వీడియోలు ఒకదాని వెనుక ఒకటి చూస్తున్నాడు. వాటిని ఎవరికీ అప్పజెప్పడం లేదు. తప్పు పలికితే ఆపేవారు లేరు. పాత పాఠం వచ్చిందో లేదో అడగకుండానే కొత్త పాఠం దానంతట అదే మొదలవుతుంది. ఆరు నెలల తరువాత నలుగురిలో రెండు వాక్యాలు మాట్లాడమంటే తల దించుకుంటాడు. తల్లిదండ్రులేమో, ఇంత చూసినా రాలేదంటే వీడికి చదువు అబ్బదని తీర్మానిస్తారు.

ఈ తీర్మానం తప్పని మేము చాలాకాలంగా అనుకుంటున్నాం. గత నెల సోమశిలలో దానికి రుజువు చూశాం.

నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ మండలంలో కృష్ణ ఒడ్డున ఉన్న ఆ ఊరికి సెలవు రోజుల్లో హైదరాబాదు నుంచి కూడా జనం వస్తారు, పడవలెక్కి ఫోటోలు దిగి వెళ్తారు. మేము వెళ్లింది వేరే పని మీద. ఆ చుట్టుపక్కల పిల్లలకు ఆదివారాలు ఇంగ్లీషు చెబుతున్న ఒక యువ ఉపాధ్యాయుని గురించి విని వెళ్లాం. తన పేరు రాయవద్దని ఆయన కోరారు. ఒక ఇంటి ముందు గదిలో పద్దెనిమిది మంది పిల్లలు. సగానికి పైగా మన ఇళ్ల వారు, తక్కినవారు చేపల వేట మీద బతికే కుటుంబాల పిల్లలు. ఒక పాత టీవీకి తీగతో ఫోను తగిలించారు. నదికి అడ్డంగా ఆనకట్ట కడితే ఎగువన ఏమవుతుందో చూపే నాలుగు నిమిషాల ఇంగ్లీషు వీడియో అది. మొదటిసారి శబ్దం తీసేసి చూపించారు. ఏం జరుగుతోందో చెప్పమన్నారు, తెలుగులోనైనా సరే, ఉర్దూలోనైనా సరే. రెండోసారి శబ్దం పెట్టి, వేగం తగ్గించి, తెర కింద ఇంగ్లీషు మాటలు కనిపించేట్టు చూపించారు. మూడోసారి సగంలో ఆపి, ఇక్కడ నీళ్లు ఎక్కడికి వెళ్తాయని ఇంగ్లీషులో అడిగారు.

కాసేపు ఎవరూ నోరు విప్పలేదు. ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి లేచి, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ, "మై గ్రాండ్ మదర్స్ హౌస్ ఈజ్ అండర్ ది వాటర్" అన్నది.

ఈ మాట అర్థం కావాలంటే ఆ ప్రాంతం కథ తెలియాలి. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1980ల తొలినాళ్లలో జలాశయం నిండినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎన్నో ఊళ్లు మునిగిపోయాయి. సోమశిలలోని పాత గుళ్లను రాయి రాయిగా విప్పి ఎత్తైన చోటికి తరలించి మళ్లీ కట్టారు. ఇళ్లకు, పొలాలకు, ఖబరస్తాన్‌లకు ఆ వీలు లేకపోయింది. ఆ అమ్మాయి నానమ్మ చెప్పే కథ ఇదే. ఇంట్లో ఉర్దూలో వంద సార్లు విన్న సంగతిని ఆ ఉదయం ఇంగ్లీషులో చెప్పింది. ఆ వాక్యాన్ని ఏ వీడియో ఆమెకు నేర్పలేదు. వీడియో ఆ సంగతిని గుర్తు చేసింది, అంతే. ఆ తరువాత చర్చను ఆపడం ఉపాధ్యాయుని తరం కాలేదు. ఊరు పోయినవారికి పరిహారం ఎంత ఇచ్చారని ఒకరు, ఇప్పుడు చేపలు ఎవరివని మరొకరు, కరెంటు మనకు రాకుండా ఎటు వెళ్లిందని ఇంకొకరు. సగం తెలుగు, సగం ఇంగ్లీషు, మధ్యలో ఉర్దూ. వ్యాకరణం ఘోరంగా ఉంది. ఆయన ఒక్కొక్క వాక్యం పూర్తయ్యే దాకా ఆగి, అదే వాక్యాన్ని సరిగా పలికి వినిపించి, వారిచేత మళ్లీ పలికించారు. అది అచ్చంగా సబక్ అప్పజెప్పడమే.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పుకోక తప్పదు. మేము ముప్ఫై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశాం. లెక్కలేనన్ని ఫైళ్ల మీద ఇంగ్లీషులో నోట్లు రాశాం. "సబ్మిటెడ్ ఫర్ ఆర్డర్స్", "రెఫరెన్స్ సైటెడ్" వంటి మాటలు నిద్రలో అడిగినా చెప్పగలం. కానీ పై అధికారి ఇంగ్లీషులో ఒక ప్రశ్న అడిగితే తెలుగులో గొణిగేవాళ్లం. కారణం ఒకటే. బడిలో గానీ, కళాశాలలో గానీ, "దీని మీద నీ అభిప్రాయం ఏమిటి?" అని మమ్మల్ని ఇంగ్లీషులో అడిగినవారు ఒక్కరూ లేరు. మా తరం ఇంగ్లీషు చేతిలో ఉండిపోయింది. ఇప్పటి పిల్లల ఇంగ్లీషు కళ్లలో, చెవుల్లో ఉండిపోతోంది. నోటి దాకా మాత్రం రెండూ రాలేదు.

తెరతో పాఠం చెప్పడం మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు సైట్ అనే ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం సాయంతో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు చేరాయి. ఉదయం బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు. ఊరికి ఒకటే పెట్టె కనుక అందరూ కలిసే చూసేవారు, చూసినదాని గురించి పక్కవారితో మాట్లాడుకోవడం సహజంగానే జరిగేది. 1984లో యూజీసీ దూరదర్శన్‌లో దేశవ్యాప్త తరగతి గది కార్యక్రమాలు మొదలుపెట్టింది. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి, తెలంగాణ ప్రభుత్వం దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్ల ద్వారా పాఠాలు ప్రసారం చేసింది. అప్పటికే ఒక్కొక్కరి చేతిలో ఒక్కో పెట్టె. చూడడం ఒంటరి పని అయిపోయింది. ఆ ఏడాది నష్టం ఎంతటిదో ఏ ఉపాధ్యాయుణ్ని అడిగినా చెబుతారు.

ప్రపంచమంతా వాడుతున్న ఖాన్ అకాడమీ కథ కూడా ఇక్కడ చెప్పుకోదగినది. బంగ్లాదేశ్ మూలాలున్న తండ్రికి అమెరికాలో పుట్టిన సల్మాన్ ఖాన్ 2004లో నాదియా అనే తన బంధువుల అమ్మాయికి దూరం నుంచి లెక్కలు చెప్పడంతో అది మొదలైంది. తక్కిన పిల్లలూ అడగడంతో 2006లో ఆయన పాఠాలను యూట్యూబులో పెట్టారు. వివరణను పిల్లలు ఇంట్లో చూసి వస్తే, తరగతి సమయమంతా సందేహాలకు, చర్చకు మిగులుతుందన్నది ఆయన వాదన. మనం వీడియో దగ్గరే ఆగిపోయాం, మిగిలిన సమయాన్ని ఏం చేయాలో ఆలోచించలేదు.

ఇది మన సముదాయానికి ప్రత్యేకంగా ఎందుకు ముఖ్యం? ఆరు నుంచి పద్నాలుగేళ్ల ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది బడికి అసలు వెళ్లనివారో, మధ్యలో మానేసినవారో అని 2006లో సచార్ కమిటీ నివేదిక చెప్పింది. ఆ తరువాత తెలంగాణలో మార్పు వచ్చింది. 2016లో 71 మైనారిటీ గురుకులాలు తెరిచారు, తరువాత వాటి సంఖ్య 204కు చేరింది. అన్నీ ఇంగ్లీషు మాధ్యమమే. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లోనూ ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లీషు మాధ్యమం పెట్టారు. అదే 2016లో జియో రాకతో ఇంటర్నెట్ చౌక అయి పల్లె ఇళ్లలోకి చేరింది. బడి దొరికింది, ఫోనూ దొరికింది. ఇంట్లో దక్కనీ ఉర్దూయో, దూదేకుల ఇళ్లలోనైతే తెలుగో మాట్లాడే పిల్లకు తరగతిలో నోరు తెరిచే ధైర్యం మాత్రం ఇంకా దొరకలేదు. చివరి బెంచీలో మౌనంగా కూర్చున్న పిల్లను హాజరు పట్టీ పట్టించుకోదు. ఆమె అక్కడ హాజరైనట్టే లెక్క.

ఆడపిల్లల విషయం ఇంకా కష్టం. మన ఇళ్లలో ఫోను అన్నది, తమ్ముడిది. అక్కకు అది హోంవర్కు పేరుతో అరగంట దొరికితే గొప్ప. అమ్మాయి చేతికి ఫోను ఇవ్వడానికి తల్లిదండ్రులు భయపడడంలో అర్థం లేదని మేము అనం. ఒక వీడియో పక్కన ఏ వీడియో వస్తుందో, మధ్యలో ఏ ప్రకటన దూరుతుందో మనకు తెలియదు. కానీ ఆ భయానికి జవాబు సోమశిల గదిలోనే ఉంది. ముందే ఎంచి, ఉపాధ్యాయుడు మొదటి నుంచి చివరి దాకా తానే చూసి, దించుకుని పెట్టిన వీడియో. అందరి ముందు ఒకే తెర. పక్కన కూర్చునే పెద్దలు. ఆ పద్ధతిలో అమ్మాయికి సొంత ఫోను అవసరమే లేదు. పైగా అక్కడ ఎక్కువ మాట్లాడింది అమ్మాయిలే.

యాస గురించి ఒక్క మాట. బ్రిటిష్ వారిలా, అమెరికన్లలా పలకలేదని పిల్లల్ని వెక్కిరించే పెద్దలు మన దగ్గర చాలామంది ఉన్నారు. వారిలో ఎక్కువమంది ఇంగ్లీషు మాట్లాడరు. వారిని పట్టించుకోనవసరం లేదు.

వీడియో పెట్టేసి, ఉపాధ్యాయుడు మూలన కూర్చుని రిజిస్టర్లు నింపుకునే తరగతిని కూడా ఈ మధ్య ఒక చోట చూశాం. ఆయన మీద మాకు కోపం లేదు. ఆ రిజిస్టర్లు ఆయన కోరి తెచ్చుకున్నవి కావు. కానీ నలభై నిమిషాల పీరియడులో పిల్లలు పలికిన ఇంగ్లీషు మాట, చివర్లో "థాంక్యూ సార్" ఒక్కటే.

తెర ఉందా లేదా అన్నది తనిఖీల్లో లెక్కకు వస్తుంది. తెర ఆపిన తరువాత పిల్లలు ఎంతసేపు మాట్లాడారన్నది ఏ కాగితంలోనూ ఉండదు. ఆ ప్రశ్న అడగవలసినది తల్లిదండ్రులే. 2009 విద్యాహక్కు చట్టం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, మొత్తంలో సగం మంది మహిళలు ఉండాలని చెబుతోంది. తెలంగాణలో 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడ్డాయి. వాటిలో మన తల్లులు సంతకాలు పెట్టి వచ్చేస్తున్నారు. ఇకపై వారు మూడు సంగతులు అడగాలని మా విన్నపం. వారానికి ఎన్ని పీరియడ్లు పిల్లలు ఇంగ్లీషులో మాట్లాడడానికే కేటాయించారు? మా అమ్మాయి ఈ నెలలో ఎన్నిసార్లు మాట్లాడింది? మాటలు వెతుక్కునేటప్పుడు తెలుగు, ఉర్దూ వాడుకోనిస్తున్నారా? ఇవి అడగడానికి ఇంగ్లీషు రావలసిన పని లేదు.

కొల్లాపూర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల ప్రాంతాల్లో డిగ్రీలు చదివి పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న మన యువతీయువకులు వందల్లో ఉన్నారు. ఆదివారం ఒక గంట ఇవ్వగలిగినవారు మస్జిద్ కమిటీతోనో, బడి ప్రధానోపాధ్యాయునితోనో మాట్లాడి ఒక గది అడగండి. ఒక టీవీ, ఒక తీగ, ఒక ఫోను చాలు. వీడియో ఐదు నిమిషాలు దాటనివ్వకండి. మిగిలిన సమయమంతా పిల్లలది.

సోమశిల ఉపాధ్యాయునికి ఇప్పుడు కావలసింది ఒక చిన్న స్పీకరు. పాత టీవీ శబ్దం వెనుక కూర్చున్నవారికి వినపడడం లేదట. అది ఈ నెలలో మేము చేర్చే ఏర్పాటు చేస్తున్నాం. వచ్చే ఆదివారం నుంచి ఇద్దరు ముగ్గురు తల్లులు కూడా వచ్చి వెనుక కూర్చుంటామన్నారు. వారిని వెనుక కాక పిల్లల మధ్యనే కూర్చోబెట్టమని చెప్పి వచ్చాం.