ఉద్దానం ఇంటికి మోటారు పట్టా కన్నా తొక్కుడు సైకిలు మేలు

ఏతం తొక్కే రోజుల్లో పల్లెలో ఎవరికీ కసరత్తు గురించి చెప్పవలసిన పని ఉండేది కాదు. ఏతం మాను మీద ముందుకీ వెనక్కీ నడిచిన రైతుకు, నూతినుంచి నీళ్ళు తోడి కొబ్బరి మొక్కలకు పోసిన కూలీకి, రోకటితో వడ్లు దంచిన ఇల్లాలికి గుండెకు కావలసిన శ్రమ పనిలోనే దొరికేది. మోటార్లు, రైసు మిల్లులు వచ్చి ఆ కష్టాన్ని తీర్చాయి. అందుకు ఎవరూ విచారించనక్కరలేదు. అయితే శ్రమతోబాటు శ్రమవల్ల కలిగే మేలు కూడా పోయింది. పలాస బజారులో పొద్దంతా గల్లాపెట్టె ముందు కూర్చునే వర్తకుడు, టెక్కలిలో బల్లముందు పనిచేసే ఉద్యోగి, జీడి ఫ్యాక్టరీలో కూర్చున్న చోటనుంచి కదలకుండా పిక్కలు కొట్టే మహిళ సాయంత్రానికి అలసిపోతారు. కాని వారి గుండెకు మాత్రం వ్యాయామం దొరకదు. నడుము నొప్పి వేరు, గుండె కసరత్తు వేరు.

రక్తపోటు, మధుమేహం బయటపడిన తరువాత డాక్టరు చెప్పే మొదటి మాట "రోజూ నడవండి" అని. ఎక్కడ నడవాలన్నదే ప్రశ్న. జాతీయ రహదారి పక్కన నడిస్తే లారీల భయం. తెల్లవారుజామున జీడితోటల దారిన నడిస్తే ఎలుగుబంట్ల భయం. వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో 2022 జూన్‌లో ఎలుగుబంటి దాడిలో ఒకరు మరణించారు, మరికొందరు గాయపడ్డారు. ఇక చీకటి పడ్డాక వీధి దీపాలు లేని ఊళ్ళో ఆడవారు నడకకు బయలుదేరే మాటే లేదు. ఈ స్థితిలో ఇంట్లో ఒక వ్యాయామ యంత్రం ఉంటే బాగుండునని అనుకోవడం డాబు కాదు, అవసరమే. కాని వేలకు వేలు పోసి తెచ్చిన యంత్రం మూడు నెలలకే బట్టలు ఆరేసుకునే దండెంగా మారకూడదు. అందుకే కొనేముందు నాలుగు విషయాలు ఆలోచించుకోవాలి.

కండబలం వేరు, దమ్ము వేరు

ఈ సీమకు కసరత్తు కొత్త కాదు. మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు వీరఘట్టంలో పుట్టాడు. శ్రీకాకుళంలోని స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ఆమదాలవలస సమీపంలోని ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చింది. వారిది ప్రధానంగా కండబలం. ఇక్కడ చెప్పుకునేది దమ్ముకు, గుండెకు సంబంధించిన కసరత్తు. సైన్యంలో చేరాలని తెల్లవారకముందే రోడ్డెక్కి పరుగెత్తే మన కుర్రవాళ్ళు చేసేది ఇదే. నడివయసు వారికి అంత పరుగు అక్కరలేదు. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులన్న మాట.

ఓ మోస్తరు అంటే ఎంత అన్నది తెలుసుకోవడానికి యంత్రం మీది అంకెలు చూడనక్కరలేదు. తొక్కుతూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన పాకం. నాడి చూసుకునేవారు 220లోనుంచి తమ వయసు తీసివేసి, వచ్చిన అంకెలో మూడింట రెండు వంతులకు అటూ ఇటూగా ఉంటే చాలునని గుర్తుంచుకోవాలి. యాభై ఏళ్ళ మనిషికి అది నిమిషానికి సుమారు 110 నుంచి 130 వరకు అవుతుంది. కొన్ని రక్తపోటు మందులు నాడి వేగాన్ని తగ్గిస్తాయి. అవి వాడేవారికి ఈ లెక్క కుదరదు, మాట పరీక్షే మేలు.

మోటారు పట్టాతో చిక్కులు

పట్నంలో బంధువుల ఇంట్లో చూసివచ్చిన వారు ముందుగా అడిగేది ట్రెడ్‌మిల్. మోటారుతో తిరిగే పట్టా మీద నిలబడిన చోటే నడవడం దీని పద్ధతి. దీని పూర్వచరిత్ర విచిత్రమైనది. 1818 ప్రాంతంలో ఇంగ్లాండులో విలియం క్యూబిట్ అనే ఇంజనీరు, ఖైదీలచేత తొక్కించడానికి మెట్ల చక్రాన్ని ప్రవేశపెట్టాడు. 1898లో వచ్చిన చట్టంతో ఆ శిక్షకు స్వస్తి పలికారు. ఒకనాడు శిక్షగా తొక్కించిన దానికి నేడు డబ్బిచ్చి కొనుక్కునే రోజు వచ్చింది.

నడక అలవాటున్న వారికి ట్రెడ్‌మిల్ మంచిదే. కాని అది పనిచేయాలంటే నిలకడైన కరెంటు కావాలి. ఓల్టేజి ఎక్కీ దిగీ ఉండే ఊళ్ళో మోటారుకు, దాన్ని నడిపించే సర్క్యూట్ బోర్డుకు ప్రమాదం. స్టెబిలైజరు ఖర్చు అదనం. ఎర్త్ సరిగా లేని ఇంట్లో ఇనుప యంత్రంపై చెమట కాళ్ళతో నిలబడడం మంచిది కాదు. రెండు హార్స్‌పవర్ మోటారు పూర్తి బలంతో గంటసేపు తిరిగితే సుమారు ఒకటిన్నర యూనిట్ కాలుతుంది. కరెంటు పోయిననాడు వ్యాయామం లేనట్టే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటిన తరువాత ఉద్దానం ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్న సంగతి ఇక్కడ ఎవరూ మరచిపోలేదు.

సముద్రపు గాలి మరో శత్రువు. ఉప్పుగాలికి కిటికీ ఊచలే తుప్పు పడతాయి. యంత్రంలోని బోల్టులు, తీగల అతుకులు ఎన్నాళ్ళు నిలుస్తాయి? అన్నిటికన్నా ముఖ్యం, పిల్లలున్న ఇంట్లో తిరిగే పట్టాకూ రోలరుకూ మధ్య చిన్న చేతులు ఇరుక్కునే ప్రమాదం ఉంది. ఇన్ని తెలిసి కూడా కొనదలచినవారు మోటారు నిరంతరంగా ఇచ్చే శక్తి ఎంతో అడగాలి. పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసేది చాలాసార్లు క్షణకాలపు గరిష్ఠ శక్తి మాత్రమే. పడిపోతే పట్టాను ఆపివేసే తాళం చెవి ఉన్నదో లేదో చూడాలి. నడవనప్పుడు ఆ చెవిని తీసి పిల్లలకు అందకుండా దాచాలి.

తొక్కుడు సైకిలు ఎందుకు మేలు

ఇంట్లో కదలకుండా నిలిచే వ్యాయామ సైకిలుకు ఈ బాధలు తక్కువ. అయస్కాంతపు బిగింపుతో మరతిప్పి భారం పెంచే రకానికి కరెంటు అక్కరలేదు, చప్పుడు తక్కువ, అరిగిపోయే బ్రేకు ముక్క ఉండదు. శరీరం బరువు సీటు మీద ఉంటుంది కాబట్టి మోకాళ్ళ నొప్పులవారికి నడకకన్నా ఇది సుఖం. నడుము నొప్పి ఉన్నవారు, వయసు మళ్ళినవారు వీపుకు ఆనుడు ఉన్న రకం చూసుకోవాలి. చీర కట్టుకునే వారికి కూడా ఆ రకంలో ఎక్కడం దిగడం సులువు. కొంగు, కుచ్చెళ్ళు పెడళ్ళకు తగలకుండా చూసుకోవాలి.

కొట్లో కొనే ముందు ఎక్కి పది నిమిషాలు తొక్కి చూడాలి. పెడల్ బాగా కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండేలా సీటు అమరాలి. ఇంట్లో అందరిలోకీ పొట్టివారికి, పొడుగువారికి కూడా సీటు సరిపోవాలి. యంత్రం మోయగల బరువు ఇంట్లో ఎక్కువ బరువున్న మనిషికన్నా కనీసం ఇరవై కిలోలు ఎక్కువ ఉండాలి. పాడైతే మెకానిక్ ఏ ఊరినుంచి రావాలో, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో బిల్లు కట్టకముందే అడగాలి. విశాఖపట్నంనుంచి రావాలంటే రాకపోకల ఖర్చు ఎవరు భరిస్తారో రాయించుకోవాలి. వాడకుండా మూల పడేసిన సైకిలు ఎవరింట్లోనైనా ఉంటే దాన్ని సగం ధరకు కొనడంలో నామోషీ లేదు. క్రాంకు ఊగకుండా, సీటు గొట్టం తుప్పు పట్టకుండా ఉంటే చాలు. ఇంటికి తెచ్చాక చెమట తుడిచి గుడ్డ కప్పాలి. బోల్టులకు అప్పుడప్పుడు నూనె రాయాలి.

అంత కూడా పెట్టలేనివారు నిరాశ పడనక్కరలేదు. వీధి అరుగు మెట్టు ఒక్కటి ఎక్కుతూ దిగుతూ పావుగంట గడిపినా గుండెకు పనే. కొబ్బరితాడుతో దాటుడు ఆడవచ్చు గాని, అది కుర్రవారికే. లావుగా ఉన్నవారు, మోకాళ్ళ నొప్పులవారు దాని జోలికి పోరాదు.

ఉద్దానంలో మరింత జాగ్రత్త

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు తాకని బంధువర్గం అరుదు. ఈ జబ్బుకు కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. అందువల్ల యంత్రం కొనడానికి ముందు చేయవలసిన ఖర్చు ఒకటి ఉంది. రక్తపోటు, చక్కెర, క్రియాటినిన్ పరీక్షలు చేయించుకోవాలి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. కిడ్నీ జబ్బు ఉన్నంత మాత్రాన వ్యాయామం మానవలసిన పని లేదు. వారికి కూడా ఓపిక మేరకు వారానికి 150 నిమిషాల వ్యాయామం మంచిదని కిడ్నీ వైద్య నిపుణుల అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయితే ఎంత, ఎప్పుడు అన్నది వైద్యం చేస్తున్న డాక్టరు చెప్పాలి. డయాలిసిస్ చేయించుకునేవారు ఫిస్టులా ఉన్న చేతిపై ఒత్తిడి పడకుండా చూసుకోవాలి.

అన్నిటికన్నా పెద్ద ముప్పు కొత్త ఉత్సాహంలో ఉంది. మొదటి రోజే గంటసేపు తొక్కి, మర్నాడు కాళ్ళు పట్టేస్తే మందుల కొట్టుకు వెళ్ళి నొప్పి బిళ్ళలు తెచ్చుకుంటారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి బిళ్ళలు కిడ్నీలను దెబ్బతీయగలవు. ఒళ్ళు ఎండిపోయి ఉన్నప్పుడు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. గుండెను కాపాడుకోబోయి కిడ్నీని పోగొట్టుకోవడం ఏపాటి తెలివి? మొదటి వారం రోజుకు పది నిమిషాలు చాలు. తరువాత వారానికి అయిదు నిమిషాల చొప్పున పెంచుకోవచ్చు. రేకుల కప్పు కింద మధ్యాహ్నం పూట తొక్కరాదు. ఉదయమో సాయంత్రమో గాలి వచ్చే వసారాలో తొక్కాలి. కిడ్నీ జబ్బు లేనివారు దాహానికి తగినట్టు నీళ్ళు తాగాలి. డయాలిసిస్‌లో ఉన్నవారు డాక్టరు చెప్పిన కొలత దాటరాదు. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, ఊపిరి అందకపోవడం కనిపిస్తే వెంటనే దిగి వైద్యుని వద్దకు వెళ్ళాలి. కండ పెరుగుతుందని అమ్మే పొడి డబ్బాలు డాక్టరును అడగకుండా ఇంటికి తేరాదు.

ఇల్లు చూసుకున్నాక ఊరు కూడా చూడాలి. సైకిలు కొనలేని కుటుంబాలే ఊళ్ళో ఎక్కువ. పాఠశాల మైదానం చుట్టూ నడక దారి, రెండు దీపాలు, సాయంత్రం ఒక గంట ఆడవారికి ప్రత్యేకించిన వేళ ఏర్పాటు చేయడం పంచాయతీలకు, పలాస-కాశీబుగ్గ మునిసిపాలిటీకి తలకు మించిన పని కాదు. ఎలుగుబంట్లు తిరిగే తోటల దారుల్లో అటవీ శాఖ నిఘా పెంచాలి. ఈ ఏర్పాట్లు జరిగేదాకా, డబ్బు పెట్టగలిగినవారు కరెంటు అక్కరలేని సైకిలునే ఎంచుకోవడం శ్రేయస్కరం. రక్తపరీక్ష మాత్రం అందరూ ముందుగా చేయించుకోవాలి.