నాచు నుంచి ఇంధనం సరే, ధర మాటేమిటి?

రైతు సోదరులారా, అడవి ఆముదం గుర్తుందా? బీడు భూముల్లో డీజిల్ పండుతుందని ఇరవై ఏళ్ల కిందట ఊరూరా మీటింగులు పెట్టారు. 2011-12 కల్లా డీజిల్‌లో 20 శాతం అదే కలుపుతామన్నారు. నమ్మి నేనూ రెండెకరాల్లో వేశాను. గింజ కాసే నాటికి కొంటామన్నవాడి ఆఫీసుకి తాళం. మొక్కలు పీకించిన కూలీ కూడా నా నెత్తినే పడింది.

ఇప్పుడు సముద్రపు నాచు వంతు వచ్చింది. 2020లో మత్స్య సంపద యోజన కింద దీనికి 640 కోట్లు చూపించారు. నాచు మీద నాకు పగ లేదు. దానికి సాగునీరు, పొలం, ఎరువు అక్కర్లేదు. కిలోకు రెండు మూడు వేల లీటర్ల నీళ్లు తాగిన బియ్యాన్ని ఇథనాల్ ఫ్యాక్టరీకి తోలడం కన్నా ఇది నయమే. దిలావర్‌పూర్ జనం 2024లో అలాంటి ఫ్యాక్టరీ వద్దనే కదా రోడ్డెక్కింది!

కానీ లెక్క చూడండి. తమిళనాడులో రామనాథపురం తీరాన ఆడవాళ్లు వెదురు తెప్పల మీద నాచు పెంచుతున్నారు. ఒక తెప్పకు 60 కిలోల విత్తనం కడితే 45 రోజులకు సుమారు 260 కిలోలు వస్తుంది. మళ్లీ విత్తనానికి 60 తీసేస్తే మిగిలేది 200. ఎండితే 20 కిలోలే. దాన్ని ఇప్పుడు కొనేది ఐస్‌క్రీముల్లో, టూత్‌పేస్టుల్లో వేసే జిగురు తీసేవాళ్లు. పెట్రోల్లో కలిపేవాడు వాళ్లకన్నా ఎక్కువ ధర కట్టగలడా? కట్టలేడు. ఆ తేడా ఎవరి కడుపు కొట్టి పూడుస్తారు?

దారి లేకపోలేదు. పచ్చి నాచును పిండి రసాన్ని పంటకు, పిప్పిని ఇథనాల్‌కు వాడొచ్చని భావనగర్ శాస్త్రవేత్తలు ఎప్పుడో చూపించారు. ఆ రసమే మనకు సీసాల్లో వస్తోంది. యూరియా బస్తా కావాలంటే సీసా కూడా కొనాల్సిందేనని మా మండలంలో షాపువాడు నాకు అంటగట్టాడు. అక్కడ ఆమె కిలోల లెక్కన అమ్ముతోంది, ఇక్కడ మనం సీసాల లెక్కన కొంటున్నాం. మధ్యలో మిగిలేది ఎవరికి?

అందుకే మన సంఘం ఇప్పుడే అడగాలి. మొదటి తెప్ప నీళ్లలో దిగకముందే కొనుగోలు ధర కాగితం మీద ఉండాలి. తుపానుకు తెప్ప కొట్టుకుపోయినా, నీళ్లు వేడెక్కి నాచు చచ్చినా బీమా అందాలి. రసంలో, జిగురులో, ఇంధనంలో పెంచినవాళ్లకు వాటా రావాలి. తీరాన్ని కంపెనీలకు లీజుకిస్తే ఒప్పుకోం. మత్స్యకార సహకార సంఘాలకే ఇవ్వాలి.

సముద్రం గొడవ మనకెందుకని ఊరుకోవద్దు. అడవి ఆముదంలో మనం మోసపోయినట్టు రేపు వాళ్లు మోసపోతే, తెలిసీ చెప్పని తప్పు మనదే.